పాత ఫోన్ ఇచ్చేసే ముందు: ఏ పని ముందు, ఏ పని తర్వాత

"పాతది రీసెట్ కొట్టి ఇచ్చేస్తే సరిపోతుందా?" కొత్త ఫోన్ కొన్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సరిపోదు. చేయాల్సిన పనుల్లో రీసెట్ దాదాపు చివరిది. అంతకుముందు చేయాల్సినవి వదిలేస్తే ఫొటోలు, వాట్సాప్ మాటలు పోతాయి, కొన్ని ఖాతాల్లోకి మళ్ళీ మీరే వెళ్ళలేరు. ఆ తర్వాత చేయాల్సినవి వదిలేస్తే, ఆ ఫోన్‌ని రేపు ఎవరు దేనికి వాడినా పోలీసులు ముందుగా వెతికేది బిల్లు మీదున్న పేరునే.

అందుకే ఇక్కడ వరుస ముఖ్యం. కింద చెప్పినవి ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ రెండింటికీ వర్తిస్తాయి, తేడా ఉన్నచోట విడిగా రాశాను. కంపెనీని బట్టి సెట్టింగ్స్‌లో పేర్లు కొంచెం మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉండే సెర్చ్ గడిలో ఆ మాట టైప్ చేయండి.

అన్నిటికన్నా ముందు ఒక్క నియమం: కొత్త ఫోన్లో అన్నీ నడుస్తున్నాయని మీ కళ్ళతో చూసుకునేదాకా పాత ఫోన్లో ఏదీ చెరిపేయకండి. వీలుంటే రెండు వారాలు పక్కన పెట్టుకోండి. కావాల్సింది ఏదో ఒకటి ఆ రెండు వారాల్లోనే గుర్తొస్తుంది.

## 1. ఈ ఫోన్ ఎటు పోతుందో ముందు తేల్చుకోండి

దారులు నాలుగే: అమ్మడం లేదా ఎక్స్ఛేంజ్, ఇంట్లో ఇంకొకరికి ఇవ్వడం, ఇంట్లోనే వేరే పనికి వాడుకోవడం, ఈ-వేస్ట్‌కి పంపడం. తేల్చుకోవడానికి ఇవి చూడండి:

- బ్యాటరీ ఉబ్బిందా? ఫోన్‌ని బల్లమీద వెల్లకిలా పెడితే ఊగుతున్నా, వెనక మూత లేస్తున్నా అది ఇక ఎవరికీ ఇచ్చేది కాదు. నేరుగా 9వ భాగానికి వెళ్ళండి.
- చివరి సెక్యూరిటీ అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది? అబౌట్ ఫోన్‌లో గానీ సెక్యూరిటీలో గానీ తేదీ ఉంటుంది. అప్‌డేట్లు ఆగిపోయి రెండు మూడేళ్ళైతే ఆ ఫోన్లో బ్యాంకు యాప్‌లు, యూపీఐ వాడొద్దు. వాడమని ఇంకొకరికి ఇవ్వనూ వద్దు.
- వాట్సాప్ పనిచేస్తుందా? ఆండ్రాయిడ్ 5.0 కన్నా పాతవాటిలో వాట్సాప్ ఇప్పుడు పనిచేయదు. ఐఫోన్‌లో ఐఓఎస్ 15.1 కావాలి.
- బిల్లు ఉందా? ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆర్డర్ల చరిత్రలో ఇప్పటికీ దొరుకుతుంది. ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

### గుమ్మం దగ్గర ఎక్స్ఛేంజ్ పెట్టినవాళ్ళకి

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్‌లలో ఎక్స్ఛేంజ్ పెడితే కొత్త ఫోన్ తెచ్చిన అబ్బాయే పాతది పట్టుకెళ్తాడు. కొత్తది తెరిచి, డేటా ఎక్కించుకుని, తీరిగ్గా పాతది తుడిచే వ్యవధి ఉండదు. పైగా లాక్‌లు తీసి ఉంటేనే తీసుకుంటారు. అప్పటికప్పుడు హడావుడిగా రీసెట్ కొట్టి ఆనక బాధపడేవాళ్ళు ఎందరో.

ఎక్స్ఛేంజ్ పెట్టాలనుకుంటే 2, 3 భాగాల్లోని కాపీ పనులన్నీ డెలివరీకి ముందురోజే పూర్తి చేయండి. కాపీలు కంప్యూటర్లోనో, గూగుల్, ఐక్లౌడ్ ఖాతాలోనో, ఇంట్లో ఇంకొకరి ఫోన్లోనో ఉండాలి. అంత వీలు లేకపోతే ఎక్స్ఛేంజ్ వద్దని నా సలహా. కొన్ని వందలు తగ్గినా, నాలుగు రోజులాగి విడిగా అమ్ముకోవడమే మేలు.

## 2. పాత ఫోన్లోంచి తెచ్చుకోవాల్సినవి

కొత్త ఫోన్ ఆన్ చేయగానే "పాత ఫోన్ నుంచి కాపీ చేయాలా" అని అడుగుతుంది. చేయండి. కానీ దానితో అన్నీ వచ్చేస్తాయనుకోవద్దు. యాప్‌లు వస్తాయి కానీ వాటిలో చాలావాటి లోపలి సమాచారం రాదు. ఒక్కొక్కటిగా చూద్దాం.

కాంటాక్టులు. కొన్ని గూగుల్ ఖాతాలో, కొన్ని సిమ్‌లో, కొన్ని ఫోన్లోనే ఉండిపోతాయి. కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే అన్నీ ఒకే ఫైల్‌గా వస్తాయి. దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోండి. రెండు ఫోన్లలోనూ మొత్తం కాంటాక్టుల సంఖ్య పోల్చి చూడండి.

ఫొటోలు. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసి ఉన్నా, మామూలుగా అది తీసుకునేది కెమెరా ఫోల్డర్‌నే. వాట్సాప్‌లో వచ్చిన పెళ్ళి ఫొటోలు, స్క్రీన్‌షాట్లు, డౌన్‌లోడ్లు అందులోకి వెళ్ళవు. బ్యాకప్ సెట్టింగ్స్‌లో ఆ ఫోల్డర్లను విడిగా ఆన్ చేయాలి. ఉచితంగా వచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ కలిసి పంచుకుంటాయి కాబట్టి మధ్యలో నిండిపోయి బ్యాకప్ ఆగిపోయి ఉండొచ్చు. ఎప్పుడాగిందో తేదీ చూడండి.

నాకు ఇప్పటికీ నమ్మకమైన దారి యూఎస్‌బీ కేబులే. కంప్యూటర్‌కి కలిపి, ఫోన్ మీద వచ్చే నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుని, కెమెరా ఫొటోలుండే డీసీఐఎం ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. వాట్సాప్ ఫొటోలు ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్లో, మీడియా అనే దాని లోపల ఉంటాయి.

దాచిపెట్టిన ఫోల్డర్లు. శాంసంగ్‌లో సెక్యూర్ ఫోల్డర్, షావోమీలో సెకండ్ స్పేస్, గూగుల్ ఫొటోస్‌లో లాక్డ్ ఫోల్డర్. దాచినవి కాబట్టే మామూలు కాపీలో రావు. ఆధార్ స్కాన్లు, ఆస్తి కాగితాల ఫొటోలు చాలామంది ఇక్కడే పెట్టి మర్చిపోతారు. ముందు వాటిని బయటికి తెచ్చి, ఆ తర్వాత కాపీ చేయండి.

వాట్సాప్. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి మారేవాళ్ళకి గూగుల్ డ్రైవ్ అక్కర్లేని దారి ఒకటుంది:

1. రెండు ఫోన్లూ దగ్గర పెట్టుకుని వైఫై, లొకేషన్ ఆన్ చేయండి.
2. కొత్త ఫోన్లో అదే నంబరుతో వాట్సాప్‌లోకి వెళ్ళండి. పాత చాట్లు తెచ్చుకోవాలా అని అడిగినప్పుడు ఒప్పుకోండి. క్యూఆర్ కోడ్ వస్తుంది.
3. పాత ఫోన్లో వాట్సాప్ సెట్టింగ్స్, చాట్స్, ట్రాన్స్‌ఫర్ చాట్స్‌లోకి వెళ్ళి ఆ కోడ్‌ని స్కాన్ చేయండి.
4. పూర్తయ్యేదాకా రెండు ఫోన్ల స్క్రీన్లూ ఆరిపోనివ్వకండి.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వెళ్ళేవాళ్ళు ఆపిల్ వాళ్ళ మూవ్ టు ఐఓఎస్ యాప్ ద్వారా చేయాలి. ఐఫోన్‌ని మొదటిసారి సెటప్ చేసేటప్పుడే చేయాలి. ఐఫోన్ వాడటం మొదలుపెట్టేశాక గుర్తొస్తే, ఐఫోన్‌నే మళ్ళీ రీసెట్ చేసి మొదలుపెట్టాల్సి వస్తుంది.

డ్రైవ్ బ్యాకప్‌కి పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ళు అది గుర్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి. మర్చిపోతే ఆ బ్యాకప్ ఎవరూ తెరవలేరు. పాత ఫోన్ చేతిలో ఉండగా అయితే కొత్త పాస్‌వర్డ్ పెట్టి మళ్ళీ బ్యాకప్ తీసుకోవచ్చు.

గొంతులు. దీని గురించి ప్రత్యేకంగా చెప్తున్నాను, ఎందుకంటే మిగతావి పోతే తిరిగి సంపాదించుకోవచ్చు. కాల్ రికార్డింగులు, వాయిస్ రికార్డర్ ఫైళ్ళు గూగుల్ బ్యాకప్‌లో ఉంటాయని అనుకోవద్దు. అవి ఫోన్ స్టోరేజ్‌లోని రికార్డింగ్స్ ఫోల్డర్లోనే ఉండిపోతాయి. అమ్మమ్మ పాడిన పాటో, ఇప్పుడు లేని నాన్నగారి ఫోన్ కాలో అందులో ఉండొచ్చు. ఫైల్ మేనేజర్‌లో ఆడియో విభాగం తెరిచి ఒక్కసారి పైనుంచి కిందిదాకా చూడండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలో ముఖ్యమైనవాటిని కంప్యూటర్లోకి విడిగా దింపుకోండి. రెండు చోట్ల పెట్టండి.

ఇవి కూడా:

- నోట్స్ యాప్‌లో రాసుకున్నవి, ముఖ్యంగా గూగుల్‌ది కాని కంపెనీ నోట్స్ యాప్‌లో ఉన్నవి
- డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోని పీడీఎఫ్‌లు: ఇన్సూరెన్స్ పాలసీలు, హాల్‌టికెట్లు, పాస్‌బుక్ కాపీలు
- బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు ఏ ఖాతాలోకి వెళ్తున్నాయో
- అవసరమైన ఎస్ఎంఎస్‌లు, కనీసం స్క్రీన్‌షాట్లుగా

## 3. యూపీఐ, బ్యాంకు, ఓటీపీ యాప్‌లు

యూపీఐ మీ సిమ్‌కీ ఫోన్‌కీ కలిపి ముడిపడి ఉంటుంది. అందుకే సిమ్ కొత్త ఫోన్లోకి మార్చాక ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం ఏదైనా మళ్ళీ నంబరు నిర్ధారించుకోమంటుంది. అప్పుడు మీ ఫోన్ నుంచే ఒక ఎస్ఎంఎస్ వెళ్తుంది. ఆ ఎస్ఎంఎస్ వెళ్ళకపోవడమే అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే తిప్పలు. కారణాలు ఇవి:

- ప్రీపెయిడ్ ప్యాక్ అయిపోయింది, లేదా ప్యాక్‌లో ఎస్ఎంఎస్‌లు లేవు. రీచార్జ్ చేయండి.
- రెండు సిమ్‌లున్నాయి, బ్యాంకులో ఇచ్చిన నంబరు కాకుండా రెండోదాన్నుంచి వెళ్తోంది. ఎస్ఎంఎస్‌కి సరైన సిమ్‌ని ఎంచుకోండి.
- యాప్‌కి ఎస్ఎంఎస్ అనుమతి ఇవ్వలేదు. యాప్ పర్మిషన్స్‌లో ఇవ్వండి.
- సిమ్ కొత్తగా మార్చుకున్నారు. కింద చదవండి.

కొత్త ఫోన్లో సిమ్ సైజు పట్టకో, ఈసిమ్‌కి (కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్) మారదామనో సిమ్ మార్పించుకుంటే, ఆ తర్వాత 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. సిమ్ స్వాప్ మోసాలు (మీ నంబరుకి దొంగ ఇంకో సిమ్ తీసుకోవడం) ఆపడానికి టెలికాం శాఖ పెట్టిన నియమం ఇది. సిమ్ పాడైందని కంగారుపడొద్దు. ఆ రోజు ఈఎంఐ కట్టాల్సిన పనో, ఓటీపీ కావాల్సిన పనో లేకుండా చూసుకుని మార్పించుకోండి. ఇంకొక కంపెనీకి పోర్ట్ అవ్వాలనుకునేవాళ్ళు కూడా గమనించాలి. 2024 జులై 1 నుంచి, సిమ్ మార్చిన తర్వాత 7 రోజులు ఆగితేనే పోర్టింగ్ కోడ్ వస్తుంది.

కొత్త ఫోన్లో యూపీఐ మొదలుపెట్టిన మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు పంపే సొమ్ముకి పరిమితి పెడతాయి. పెద్ద మొత్తం పంపాల్సిన రోజున ఫోన్ మార్చుకోకండి.

ఓటీపీల కోసం అథెంటికేటర్ యాప్ వాడేవాళ్ళు మరింత జాగ్రత్త పడాలి. గూగుల్ అథెంటికేటర్‌లో ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్, ఎక్స్‌పోర్ట్ నొక్కితే వచ్చే క్యూఆర్‌ని కొత్త ఫోన్‌తో స్కాన్ చేయాలి. పాత ఫోన్ రీసెట్ అయ్యాక గుర్తొస్తే, ఆ కోడ్‌లు ఖాతాలో సింక్ అయి ఉంటే తప్ప, ప్రతి ఖాతానీ విడిగా తిరిగి తెచ్చుకోవాలి. షేర్ మార్కెట్, ఆఫీసు మెయిల్, గిట్‌హబ్ వాడేవాళ్ళు ఇది చదవగానే చేసేయండి.

కొత్త ఫోన్లో ఒక రూపాయి పంపి చూడండి. బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూడండి. డిజీలాకర్‌లోకి వెళ్ళి చూడండి. అన్నీ నడిస్తే, ఆ తర్వాతే పాత ఫోన్లోని ఆ యాప్‌ల నుంచి లాగౌట్ అవ్వండి.

## 4. సిమ్, మెమరీ కార్డు

రెండూ తీసేయండి. మెమరీ కార్డుని ఫోన్‌తో కలిపి అమ్మకండి. ఫోన్లో ఫార్మాట్ చేసిన కార్డు నుంచి పాత ఫొటోలు తిరిగి లాగే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఇంకో రెండు వందలకి ఆశపడాల్సిన వస్తువు కాదది.

ఈసిమ్ అయితే, కొత్త ఫోన్లో నడుస్తోందని నిర్ధారించుకున్నాకే పాతదాంట్లోంచి తొలగించండి.

## 5. ఖాతాలు తీయడం, ఆ తర్వాతే రీసెట్

ఖాతా తీయకుండా ఫోన్ బటన్లు నొక్కిపట్టి రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే, ఫోన్ మళ్ళీ ఆన్ కాగానే పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. దొంగలకి పనికిరాకుండా పెట్టిన తాళం అది, 2015 నుంచీ ఉంది. కొన్నవాళ్ళు మీకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ చెప్పమంటారు. ఆ పరిస్థితి రానివ్వకండి.

ఆండ్రాయిడ్‌లో వరుస:

1. ఫోన్ ఛార్జ్ సగం పైన ఉండాలి.
2. శాంసంగ్, షావోమీ, వివో, ఒప్పో లాంటి కంపెనీ ఖాతా ఉంటే ముందు దానిలోంచి సైనౌట్ అవ్వండి. వాటికి వాటి సొంత తాళం ఉంటుంది.
3. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్ళి గూగుల్ ఖాతాలన్నీ తీసేయండి. పిల్లల కోసమో, ఆఫీసు కోసమో పెట్టిన రెండో ఖాతా కూడా.
4. స్క్రీన్ లాక్ తీసేయండి.
5. రీసెట్ అని వెతికి ఫ్యాక్టరీ డేటా రీసెట్ నొక్కండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్, ఆల్ సెట్టింగ్స్ రీసెట్ అని వేరేవి ఉంటాయి. వాటితో ఫొటోలు పోవు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఐఫోన్‌లో:

1. ఆపిల్ వాచ్ ఉంటే అన్‌పెయిర్ చేయండి.
2. సెట్టింగ్స్‌లో పైన మీ పేరు నొక్కి, కిందికి వెళ్ళి సైనౌట్ అవ్వండి. దాంతో, పోయిన ఫోన్‌ని వెతికి తాళం వేసే ఫైండ్ మై ఆఫ్ అవుతుంది.
3. జనరల్, ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్, ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్.

సైనౌట్ కాకముందే ఒక్కొక్క ఫొటో, ఒక్కొక్క కాంటాక్టు చేత్తో డిలీట్ చేయకండి. ఐక్లౌడ్‌కి కలిసి ఉన్న ఫోన్లో డిలీట్ చేస్తే మీ కొత్త ఐఫోన్లో కూడా అవి పోతాయి. గూగుల్ ఫొటోస్‌లోనూ అంతే.

రీసెట్ సరిగ్గా అయిందా? ఫోన్ ఆన్ చేసి, భాష ఎంచుకోమనే మొదటి తెర వచ్చాక వైఫై కలిపి కొంచెం ముందుకు వెళ్ళండి. "ఇంతకుముందు వాడిన ఖాతాతో లాగిన్ అవ్వండి" అంటే తాళం ఇంకా ఉన్నట్టే. మీ ఖాతాతో లోపలికి వెళ్ళి, పై వరుసలో మళ్ళీ చేయండి. అడగకపోతే అక్కడే ఆపి స్విచాఫ్ చేయండి.

చాలా పాత ఆండ్రాయిడ్‌లకి అదనపు పని. ఆండ్రాయిడ్ 10తో అమ్మకానికి వచ్చిన ఫోన్ల నుంచి ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో డేటా దాచడం) తప్పనిసరి. రీసెట్‌తో దాని తాళంచెవి పోతుంది కాబట్టి లోపలున్నది చదవడానికి వీలుండదు. పదేళ్ళ కిందటి ఫోన్లకి ఆ భరోసా లేదు. సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్ట్ ఫోన్ అని ఉంటే ముందు అది చేసి తర్వాత రీసెట్ చేయండి. లేకపోతే రీసెట్ అయ్యాక, ఏ ఖాతా పెట్టకుండా, ఫ్యాన్‌నో గోడనో వీడియో తీస్తూ స్టోరేజ్ నిండేదాకా వదిలేసి, మళ్ళీ రీసెట్ చేయండి. పాత డేటా మీద కొత్తది పడుతుంది.

## 6. స్క్రీన్ పోయిన ఫోన్, ఆన్ కాని ఫోన్

పగిలిపోయింది కదా, ఇంకేముంది అనుకుంటారు. స్క్రీన్ పోయినా లోపలి మెమరీ, బోర్డు నిక్షేపంగా ఉంటాయి. కొత్త స్క్రీన్ వేస్తే అన్నీ కనిపిస్తాయి.

- బొమ్మ కనిపిస్తూ టచ్ పనిచేయకపోతే: చిన్న ఓటీజీ ముక్క (ఫోన్ ఛార్జింగ్ రంధ్రానికి యూఎస్‌బీ తగిలించే అడాప్టర్) కొని మామూలు కంప్యూటర్ మౌస్ తగిలించండి. స్క్రీన్ మీద బాణం వస్తుంది. కాపీ, రీసెట్ రెండూ చేసుకోవచ్చు.
- తెర నల్లగా ఉండి, ఫోన్ మాత్రం మోగుతూ ఉంటే: అది ఇంటి వైఫైకి కలిసే ఉంటుంది. ఇంకో ఫోన్లో గూగుల్ ఫైండ్ హబ్ (పోయిన ఫోన్‌ని వెతికే యాప్) తెరిచి దూరం నుంచే చెరిపేయొచ్చు. ఐఫోన్ అయితే ఐక్లౌడ్‌లోని ఫైండ్ మై నుంచి. ఫొటోలు కావాలంటే మాత్రం ముందు స్క్రీన్ వేయించాల్సిందే.
- అసలు ఆన్ కాకపోతే: అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. 9వ భాగంలో చెప్పినట్టు రీసైక్లర్‌కే ఇవ్వండి. సుత్తితో పగలగొట్టడం, మేకు దించడం వద్దే వద్దు. బ్యాటరీకి తగిలితే మంట లేస్తుంది.

## 7. అమ్మేటప్పుడు

మన ఊళ్ళలో, కాలనీల్లో బండి మీద మైకు పెట్టుకుని "పాత ఫోన్లు, పగిలిపోయిన ఫోన్లు కొంటాం" అని తిరిగేవాళ్ళని మీరు చూసే ఉంటారు. బదులుగా ప్లాస్టిక్ సామానో, కొద్దిగా డబ్బో ఇస్తారు. వాళ్ళకి ఫోన్ ఇవ్వకండి.

2024 ఆగస్టులో రామగుండం సైబర్ క్రైమ్ పోలీసులు ఇలా సేకరించిన దాదాపు 4,000 పాత ఫోన్లను పట్టుకున్నారు. పట్టుబడ్డవాళ్ళు బిహార్ నుంచి వచ్చినవాళ్ళు. ఇక్కడ ఊరూరా తిరిగి కొన్న ఫోన్లు జార్ఖండ్‌లోని జామ్‌తారా వంటి చోట్ల సైబర్ మోసగాళ్ళకి చేరతాయని, వాళ్ళు వాటిని బాగుచేసి మోసాలకి వాడతారని పోలీసులు చెప్పారు. వంద రూపాయల బకెట్ కోసం మీ పేరున బిల్లున్న ఫోన్ అలా వెళ్ళడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మీ అమ్మానాన్నలకీ, పక్కింటివాళ్ళకీ ఈ సంగతి చెప్పండి. పగలంతా ఇంట్లో ఉండే పెద్దవాళ్ళ దగ్గరికే ఈ బండ్లు వస్తాయి.

నమ్మకంగా అమ్మడానికి దారులు: కంపెనీ స్టోర్‌లో ఎక్స్ఛేంజ్, క్యాషిఫై లాంటి కొనుగోలు సంస్థలు, బిల్లు ఇచ్చే స్థిరమైన దుకాణం. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట బేరమాడితే రేటు బాగానే రావచ్చు, కానీ కాగితం ఇవ్వని దుకాణంలో అమ్మకండి. తెలిసినవాళ్ళకి అమ్మినా ఇదే పద్ధతి.

అమ్మకం కాగితంలో ఉండాల్సినవి:

- ఫోన్ మోడల్, ఐఎంఈఐ నంబర్లు (ఫోన్‌ని గుర్తించే 15 అంకెల సంఖ్య; రీసెట్‌కి ముందే *#06# కొట్టి రాసుకోండి, రెండు సిమ్‌లుంటే రెండు నంబర్లు)
- తేదీ, సమయం, ధర
- కొన్నవారి పేరు, ఫోన్ నంబరు, సంతకం, గుర్తింపు కార్డు వివరం
- అసలు బిల్లు ఇస్తుంటే దాని ఫొటో మీ దగ్గర

కొనేవాళ్ళకి అనుమానం ఉంటే టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీలో చూసుకోమనండి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ వేసి 14422కి ఎస్ఎంఎస్ చేస్తే ఫోన్ వివరాలు వస్తాయి. మీరు సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడూ ఈ పని చేయండి.

ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టి అమ్మేవాళ్ళకి ఒక హెచ్చరిక. "క్యూఆర్ పంపాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అనేవాడు దొంగ. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకండి. మీ బ్యాంకు ఖాతాలో బ్యాలెన్స్ పెరిగాకే ఫోన్ చేతికివ్వండి.

## 8. ఇంట్లో ఇంకొకరికి ఇచ్చేటప్పుడు

మనవాళ్ళకే కదా అని రీసెట్ చేయకుండా ఇచ్చేస్తారు. మీ గూగుల్ ఖాతాతోనే ఆ ఫోన్ నడుస్తుంటే, మావయ్య తీసే ఫొటోలు మీ ఖాతాలోకి వస్తాయి, ఆయన డిలీట్ చేస్తే మీవి పోతాయి. ఎవరికిచ్చినా 5వ భాగం మొత్తం చేయాల్సిందే.

పెద్దవాళ్ళకైతే: వాళ్ళ పేరుతోనే ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ ఇంట్లో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. అక్షరాల సైజు పెంచండి. శాంసంగ్‌లో ఈజీ మోడ్ ఉంటుంది. ముఖ్యమైన నలుగురి ఫొటోలు హోమ్ స్క్రీన్ మీద పెట్టి, నొక్కగానే కాల్ వెళ్ళేట్టు చేయండి. అక్కర్లేని యాప్‌లు తీసేయండి.

పిల్లలకైతే గూగుల్ వాళ్ళ ఫ్యామిలీ లింక్ యాప్‌తో ఖాతా తెరవండి. ఏ యాప్ కావాలన్నా మీ అనుమతి అడుగుతుంది.

అమెరికా నుంచి పాత ఐఫోన్ తెచ్చి ఊళ్ళో అమ్మానాన్నలకి ఇచ్చేవాళ్ళు రెండు చూసుకోవాలి. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో క్యారియర్ లాక్ దగ్గర "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని లేకపోతే ఇక్కడి సిమ్ పనిచేయదు. బయల్దేరకముందే అక్కడి కంపెనీతో అన్‌లాక్ చేయించండి. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మినవాటికి సిమ్ పెట్టే చోటే లేదు, ఈసిమ్ ఒక్కటే. జియో, ఎయిర్‌టెల్, వీ ఈసిమ్ ఇస్తాయి కానీ అమ్మానాన్నలు ఫోన్ మార్చినప్పుడల్లా ఆ తతంగం ఎవరో ఒకరు చేసిపెట్టాలి. దగ్గర్లో చేసేవాళ్ళు లేకపోతే వేరే ఫోన్ ఇవ్వడం నయం.

ఇంట్లోనే కెమెరాగానో, పూజగదిలో పాటలకో వాడదామనుకుంటే సిమ్, బ్యాంకు యాప్‌లు లేకుండా, వేరే కొత్త ఖాతాతో పెట్టండి. ఒక్కటే షరతు: రోజంతా ఛార్జర్‌కి తగిలించి ఉంచితే పాత బ్యాటరీ ఉబ్బుతుంది. సెట్టింగ్స్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే వీలుంటే ఆన్ చేయండి. లేకపోతే రోజుకి కొన్ని గంటలే ప్లగ్ వేయండి. నెలకోసారి వెనక మూత చూడండి.

## 9. దాచిపెట్టడం, వదిలించుకోవడం

అవసరానికుంటుందని దాచేవాళ్ళు సగం ఛార్జ్ చేసి, స్విచాఫ్ చేసి పెట్టండి. పూర్తిగా ఖాళీ చేసి పెడితే బ్యాటరీ మళ్ళీ లేవకపోవచ్చు. ఆరు నెలలకోసారి తీసి మళ్ళీ సగానికి ఛార్జ్ చేయండి. 32 డిగ్రీలు దాటని చోటు కావాలి. మన ఎండాకాలంలో స్లాబు కింద అటక మీద ఎంత వేడి ఉంటుందో తెలుసు కదా, అక్కడ పెట్టకండి.

బ్యాటరీ ఉబ్బితే:

- ఛార్జింగ్ పెట్టకండి, ఆన్ చేయకండి
- నొక్కకండి, గుచ్చకండి, విప్పే ప్రయత్నం చేయకండి
- మంచం, బట్టలు, కాగితాలకి దూరంగా గచ్చు మీద పెట్టండి
- కొరియర్‌లో పంపకండి, స్వయంగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి

పనికిరాని ఫోన్‌ని చెత్తబండిలో వేయొద్దు. నలిగినప్పుడు బ్యాటరీ అంటుకుంటుంది, పక్కనున్న కార్మికులకి ప్రమాదం. పాత ఇనుము కొనేవాళ్ళకి ఇస్తే బోర్డులోని బంగారం, రాగి కోసం యాసిడ్‌లో వేసేవాళ్ళ దాకా, వైర్లు కాల్చేవాళ్ళ దాకా వెళ్తుంది. ఆ పొగ, ఆ నీళ్ళు ఏదో ఒక బస్తీ పిల్లల మీదికే వెళ్తాయి.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం, తయారీ కంపెనీలు తమ వాటా ఈ-వేస్ట్ రిజిస్టరైన రీసైక్లర్ల ద్వారా రీసైకిల్ అయ్యేలా చూడాలి. కాబట్టి ముందు మీ ఫోన్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి, పాత ఫోన్ తీసుకుంటారా అని అడగండి. వెబ్‌సైట్‌లో రీసైక్లింగ్ పేజీ, టోల్‌ఫ్రీ నంబరు చూడండి. వేరే రీసైక్లర్‌కి ఇస్తుంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ అయిందో లేదో అడిగి, రసీదు తీసుకోండి. పాత ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు, రిమోట్లు కూడా కలిపి ఒకేసారి ఇచ్చేయొచ్చు.

## 10. ఇవేవీ చేయకుండా ఇప్పటికే ఇచ్చేసినవాళ్ళకి

ఇప్పుడైనా చాలావరకు సరిచేయొచ్చు. ఈ వరుసలో చేయండి:

1. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ, యువర్ డివైసెస్‌కి వెళ్ళి పాత ఫోన్ పేరు నొక్కండి. అది ఇంకా మీ ఖాతాలోనే ఉంటే, సైనౌట్ చేసే ముందు ఫైండ్ హబ్ నుంచి చెరిపేయమని ఆదేశం పంపండి. ఫోన్ నెట్‌కి కలిసినప్పుడు చెరిగిపోతుంది. ముందే సైనౌట్ చేస్తే ఈ అవకాశం పోతుంది.
2. ఐఫోన్ అయితే ఐక్లౌడ్‌లోని ఫైండ్ మైలో ఎరేజ్ చేసి, ఆ తర్వాత రిమూవ్ ఫ్రమ్ అకౌంట్ నొక్కండి. మీరు నిజంగా అమ్మిన ఫోన్ అయితేనే రెండోది చేయండి. పోయిన ఫోన్ అయితే రిమూవ్ చేయకండి, తాళం ఊడిపోతుంది.
3. గూగుల్ లేదా ఆపిల్, మెయిల్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా పాస్‌వర్డ్‌లు మార్చండి. లాగౌట్ ఫ్రమ్ ఆల్ డివైసెస్ ఉన్నచోట నొక్కండి.
4. వాట్సాప్ సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ చూసి, తెలియనివి తీసేయండి. రెండంచెల పిన్ పెట్టండి.
5. యూపీఐ పిన్, బ్యాంకు యాప్ పిన్ మార్చండి.
6. సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని మొబైల్ నంబర్లున్నాయో చూడండి. మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.
7. అమ్మిన తేదీ, ఎవరికి అమ్మారు, ఎంతకు అమ్మారు గుర్తున్నంతవరకు రాసిపెట్టుకోండి. వాట్సాప్‌లో జరిగిన బేరం, డబ్బు పడిన ఎస్ఎంఎస్ దాచుకోండి.

సంచార్ సాథీలోనే పోయిన ఫోన్‌ని బ్లాక్ చేసే వీలు కూడా ఉంది. అది పోలీసు ఫిర్యాదుతో పోయిన, దొంగిలించిన ఫోన్లకి మాత్రమే. మీరు అమ్మిన ఫోన్‌ని పోయిందని చెప్పి బ్లాక్ చేయిస్తే డబ్బిచ్చి కొన్నవాళ్ళు నష్టపోతారు, తప్పుడు ఫిర్యాదుకి మీరు జవాబుదారీ అవుతారు.

ఖాతాలోంచి డబ్బు పోయినట్టు తెలిస్తే ఇవన్నీ పక్కనపెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.